పాత డర్ట్ బైక్‌లో అరిగిపోయిన గేర్ లివర్‌ను మార్చడం ఎలా

గేర్ లివర్ మార్చడం చూడటానికి ఒక్క బోల్టు పనిలా కనిపిస్తుంది, కొత్త బండి విషయంలో అది చాలావరకు నిజం కూడా. కానీ ఏళ్ళ తరబడి బురదలోనూ నీళ్ళలోనూ తిరిగిన డర్ట్ బైక్‌లో ఆ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, లివర్ షాఫ్ట్‌ను కరుచుకుని ఉంటుంది, లివర్‌నూ షాఫ్ట్‌నూ ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లోపలి పళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో విప్పేదాకా తెలియదు. అందువల్ల పని మొదలుపెట్టే ముందే మనసులో ఒక విషయం స్థిరపరచుకోండి. ఇక్కడ కాపాడుకోవలసింది లివర్‌ను కాదు, ఇంజన్‌లోంచి బయటికి వచ్చిన గేర్ షాఫ్ట్‌ను. లివర్ విడిగా దొరికే చిన్న భాగం, దాన్ని కోసి పారేసినా నష్టం లేదు. షాఫ్ట్ పళ్ళు పోతే మాత్రం చాలా ఇంజన్లలో ఆయిల్ తీసేసి, క్లచ్ వైపు కవర్ విప్పి, క్లచ్ మొత్తాన్ని బయటికి తీస్తే తప్ప ఆ షాఫ్ట్ చేతికి రాదు. కింద చెప్పిన ప్రతి జాగ్రత్త వెనుకా ఉన్న కారణం ఇదే.

లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోండి

గేర్ సరిగా పడటం లేదనగానే లివర్ కొనేయడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే ఒకే లక్షణం మూడు నాలుగు వేర్వేరు లోపాల వల్ల రావచ్చు. పాదంతో లివర్‌ను ఎత్తినప్పుడు మొదట కొంత దూరం ఖాళీగా కదిలి ఆ తరువాతే గేర్ పట్టడం, ఒక్కోసారి లివర్ పైకి లేచినా గేర్ మారకపోవడం, ఒకటో గేర్ నుంచి రెండో గేర్‌కు వెళ్ళబోయి బండి న్యూట్రల్‌లో ఆగిపోవడం లాంటివి లివర్ అరుగుదల వల్ల రావచ్చు, ఇంజన్ లోపలి భాగాల వల్లా రావచ్చు.

దీన్ని తేల్చడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. షాఫ్ట్ చివరి ముఖాన్నీ దాని చుట్టూ ఉన్న లివర్ కంటినీ (షాఫ్ట్ దూరే గుండ్రని రంధ్రం ఉన్న చివరనూ) గుడ్డతో శుభ్రంగా తుడిచి, షాఫ్ట్ మధ్య నుంచి లివర్ మీదికి కొనసాగేలా ఒక సన్నని గీత గీయండి. తరువాత ఇంజన్ ఆపి ఉంచి, చేత్తో లివర్‌ను మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తూ ఆ గీతను గమనించండి. లివర్ మీది గీత కదిలి షాఫ్ట్ మీది గీత నిలిచిపోతే, అంటే గీత విరిగినట్లు కనబడితే, లోపం ఆ రెండింటి మధ్య ఉన్న పళ్ళలోనో లేదా బోల్టు బిగింపులోనో ఉంది. గీత విరగకుండా రెండూ కలిసే కదులుతున్నా గేర్ పడకపోతే, లివర్ మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు, లోపల ఉన్న రిటర్న్ స్ప్రింగ్‌నూ, గేర్లను జరిపే గేర్ డ్రమ్మును తిప్పే యంత్రాంగాన్నీ చూడాల్సి వస్తుంది. లివర్‌ను వదిలినప్పుడు అది తనంతట తాను మధ్య స్థానానికి తిరిగి రాకపోవడం రిటర్న్ స్ప్రింగ్ లోపానికి గుర్తు, అయితే లివర్ వంగి ఇంజన్ కవర్‌కు రాసుకుంటున్నా అలాగే జరుగుతుంది కనుక ముందు ఆ రాపిడి లేదని రూఢి చేసుకోండి. షాఫ్ట్ చివరను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు మొత్తం షాఫ్టే ఊగుతుంటే, అది తిరిగే కన్నం అరిగిందనో షాఫ్ట్ వంగిందనో అర్థం. లోపలికీ బయటికీ స్వల్పంగా కదలడం మాత్రం చాలా ఇంజన్లలో సహజమే, దానికి కంగారు పడనవసరం లేదు.

గీత విరిగితే వెంటనే బోల్టును ఒకసారి సరైన బిగింపుకు తెచ్చి మళ్ళీ అదే పరీక్ష చేయండి. లివర్ కంటికి ఒక వైపు చీలిక ఉంటుంది, బోల్టు బిగించేకొద్దీ ఆ చీలిక దగ్గరపడి కన్ను షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. బోల్టు బిగించిన తరువాత కూడా చీలికలో కంటికి కనిపించేంత సందు మిగిలి ఉండాలి. చీలిక రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుపోయాయంటే ఇక ఎంత బలంగా బిగించినా ఆ బలం అంచుల మీదే పడుతుంది తప్ప షాఫ్ట్ మీద పడదు. లివర్ మార్చవలసిన సమయం వచ్చిందని చెప్పే గుర్తుల్లో ఇంతకంటే స్పష్టమైనది లేదు. కొందరు ఈ దశలో చీలికను రంపంతో కొంచెం వెడల్పు చేసి మళ్ళీ బిగిస్తారు. దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు ఇంటికి చేరడానికి ఆ ఉపాయం పనికొస్తుంది, కానీ అరిగిన పళ్ళు షాఫ్ట్‌ను పూర్తిగా పట్టుకోలేవు కనుక దాన్ని శాశ్వత పరిష్కారంగా తీసుకోవద్దు.

ఈ అరుగుదల ఎలా మొదలవుతుందో తెలిస్తే మళ్ళీ రాకుండా చూసుకోవడం సులువు. సరిగా బిగిసి ఉన్నంతకాలం షాఫ్ట్ పళ్ళూ లివర్ పళ్ళూ ఒకే లోహపు ముద్దలా పనిచేస్తాయి, వాటి మధ్య కదలిక లేదు కనుక అరుగుదలా ఉండదు. బోల్టు ఏ కొంచెం వదులైనా, గేర్ పైకి వేసినప్పుడు ఒక వైపూ కిందికి వేసినప్పుడు ఇంకో వైపూ పళ్ళు గుద్దుకోవడం మొదలవుతుంది, ఆ సందులోకి ఇసుక చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. సాధారణంగా షాఫ్ట్‌ను గట్టిపరచిన ఉక్కుతో చేస్తారు కనుక ముందుగా లివర్ పళ్ళే అరుగుతాయి, కానీ వదులుగా నడిపే కాలం పెరిగితే షాఫ్ట్ పళ్ళ కొనలూ మొద్దుబారిపోతాయి.

కొత్త లివర్ ఎంచుకోవడం

మీ బండి మోడల్, తయారైన సంవత్సరం, ఇంజన్ నంబరు చెప్పి అదే భాగం సంఖ్య ఉన్న లివర్ తీసుకోవడం అన్నిటికంటే సురక్షితం. పాత మోడళ్ళకు అది దొరకనప్పుడు వేరే మోడల్ లివర్ సరిపోతుందేమో చూడాలి, అప్పుడు నాలుగు కొలతలు మీ దగ్గర ఉండాలి. మొదటిది షాఫ్ట్ పళ్ళ కొనల మీదుగా వెర్నియర్ కాలిపర్‌తో తీసిన వ్యాసం. రెండోది పళ్ళ సంఖ్య, ఒక పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టి చుట్టూ లెక్కపెడితే పొరపాటు రాదు. మూడోది షాఫ్ట్ కేంద్రం నుంచి పాదం ఆనే కొన కేంద్రం దాకా ఉన్న పొడవు. నాలుగోది, చాలామంది మరిచిపోయేది, లివర్ కన్ను నుంచి కొన ఎంత బయటికి వంగి ఉందన్న కొలత. వ్యాసమూ పళ్ళూ సరిపోయి, ఈ వంపు తక్కువైతే లివర్ ఇంజన్ కవర్‌కు తగులుతుంది, ఎక్కువైతే బయటికి పొడుచుకు వచ్చి రాళ్ళకూ చెట్ల వేళ్ళకూ తగులుకుంటుంది. వ్యాసం దాదాపుగా సరిపోయి పళ్ళ సంఖ్య వేరుగా ఉన్న లివర్‌ను కొట్టి ఎక్కించే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు.

లోహం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాత బండికి పోతపోసిన చౌక అల్యూమినియం లివర్ కంటే, అసలు దానిలాంటి ఉక్కు లివరే మేలు. అల్యూమినియం తేలిక, చూపుకు బాగుంటుంది, మంచి ఫోర్జ్‌డ్ (పోతపోయకుండా, అదిమి ఆకృతి ఇచ్చిన) రకం బలంగానూ ఉంటుంది. అయితే షాఫ్ట్ పళ్ళు ఇప్పటికే కొద్దిగా అరిగి ఉన్నప్పుడు మెత్తని అల్యూమినియం పళ్ళు ఆ లోటును మోయలేక త్వరగా కొట్టుకుపోతాయి. దానికి తోడు, ఉక్కు షాఫ్ట్ మీద అల్యూమినియం చాలాకాలం తడిలో ఉంటే రెండు లోహాల మధ్య తెల్లని పొడిలాంటి తుప్పు ఏర్పడి లివర్ కరుచుకుపోతుంది. ఉక్కు లివర్ వంగితే దారిలోనే కొంతవరకు సరిచేసుకోవచ్చు, అల్యూమినియం లివర్‌ను అలా వంచితే పగులు పుట్టే ప్రమాదం ఉంది. అల్యూమినియమే కావాలనుకుంటే కన్ను లోపల ఉక్కు బుష్ అమర్చిన రకాన్ని వెదకండి. ఏ లోహమైనా కొన దెబ్బ తగిలినప్పుడు మడిచిపోయి స్ప్రింగ్‌తో తిరిగి నిలబడే రకమైతే మంచిది, ఎందుకంటే మడవని కొనకు రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా షాఫ్ట్‌కే చేరుతుంది.

మరీ పాత బళ్ళ యజమానులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో 1974 సెప్టెంబరు నుంచి అమలైన భద్రతా ప్రమాణం గేర్ లివర్‌ను ఎడమ వైపే ఉంచాలని నిర్దేశించింది, అంతకుముందు తయారైన బుల్టాకో వంటి స్పానిష్ బళ్ళలోనూ అనేక బ్రిటిష్ బళ్ళలోనూ అది కుడి వైపు ఉండేది. అలాంటి బండికి ఎడమ వైపు లివర్‌ను తిప్పి వాడదామనుకుంటే వంపు తారుమారవుతుంది. ఈ వ్యాసంలో ఎడమ వైపు అమరికనే దృష్టిలో ఉంచుకుని చెబుతున్నాను, కుడి వైపు అమరికకు కూడా పద్ధతి ఇదే.

సిద్ధం చేసుకోవలసినవి

చాలా జపనీస్ బళ్ళలో ఈ బోల్టు 6 మి.మీ. మర కలిగి, 8 లేదా 10 మి.మీ. తలతో ఉంటుంది. దానికి సరిపోయే ఆరు పలకల సాకెట్, రింగ్ స్పానర్, ఒక టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచి చూపే స్పానర్), ఇత్తడి తీగల బ్రష్, సన్నని మూడు పలకల ఆకురాయి, వెడల్పాటి కొన ఉన్న స్క్రూ డ్రైవర్, తుప్పు వదిలించే నూనె, బ్రేక్ క్లీనర్, మధ్యస్థ బలం ఉన్న థ్రెడ్ లాక్ (మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు), శుభ్రమైన గుడ్డలు ఉంటే చాలు. పన్నెండు పలకల సాకెట్ తుప్పు పట్టిన బోల్టు తలను సులువుగా గుండ్రం చేసేస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టండి. బోల్టు మాత్రం కొత్తది ముందే కొనిపెట్టుకోండి, 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని తెలిపే సంఖ్య) ఉన్నది, పాతదాని పొడవూ తల రూపమూ ఉన్నది. కొన్ని బళ్ళలో లివర్‌ను చీలికతో కాక షాఫ్ట్ చివర నేరుగా బిగించే బోల్టుతో నిలుపుతారు, మీది ఆ రకమైతే చీలిక గురించి చెప్పినవి వదిలేసి మిగిలినవి పాటించండి.

పాత లివర్‌ను విప్పడం

బండిని గట్టి నేల మీద, కదలకుండా, వెనుక చక్రం గాలిలో ఉండేలా స్టాండు మీదో ఇంజన్ కింద పెట్టిన బలమైన పెట్టె మీదో నిలపండి. ఇంజన్ చల్లగా ఉండాలి, గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. లివర్ చుట్టూ పేరుకున్న మట్టిని ముందు పొడిగా బ్రష్‌తో రాల్చి, తరువాత నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. ఎక్కువ ఒత్తిడితో వచ్చే నీటిధారను షాఫ్ట్ మొదట్లో ఉన్న ఆయిల్ సీల్ మీదికి గురిపెట్టవద్దు, అది ఇసుకను సీల్ లోపలికి నెడుతుంది. ఆరిన తరువాత లివర్ ఉన్న స్థానాన్ని ఫుట్‌రెస్ట్‌తో సహా పక్క నుంచి ఒక ఫొటో తీసుకోండి. చాలా షాఫ్ట్‌ల చివర తయారీదారు కొట్టిన చిన్న చుక్క గుర్తు ఉంటుంది, లివర్ చీలికకు అది ఎక్కడ నిలిచిందో కూడా చూసుకోండి.

బోల్టు మొదట్లోనూ చీలికలోనూ తుప్పు వదిలించే నూనె వేసి, బండి చాలాకాలంగా విప్పనిదైతే రాత్రంతా అలాగే వదిలేయండి. ఓపిక పట్టడం వల్ల విరగకుండా మిగిలే బోల్టులు ఎన్నో ఉన్నాయి. తరువాత బోల్టు తల మీద చిన్న సుత్తితో నేరుగా, తేలికగా కొన్ని దెబ్బలు వేస్తే మరల మధ్య ఉన్న తుప్పు పగులుతుంది. అయితే ఆ దెబ్బ షాఫ్ట్‌కు చేరకుండా లివర్ కింద ఒక చెక్క ముక్కను దన్నుగా పట్టుకోండి. సాకెట్‌ను పూర్తిగా లోతుగా కూర్చోబెట్టి మెల్లగా తిప్పండి. కదిలీ కదలనట్టుంటే ఒక పావు చుట్టు విప్పి, మళ్ళీ కొద్దిగా బిగించి, మళ్ళీ నూనె వేసి విప్పండి.

ఇక్కడ చాలామందిని ఇబ్బంది పెట్టే విషయం ఒకటి ఉంది. బోల్టును వదులు చేయడం సరిపోదు, పూర్తిగా బయటికి తీసేయాలి. చాలా బళ్ళలో షాఫ్ట్ పళ్ళ మధ్యలో చుట్టూ ఒక గాడి కోసి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది, దాని వల్ల బోల్టు కొంత వదులైనా లివర్ ఊడి పడిపోదు. బోల్టు సగంలో ఉండగా లివర్‌ను లాగితే రాదు, బలవంతం చేస్తే బోల్టు వంగి గాడి అంచు దెబ్బతింటుంది.

బోల్టు తీసిన తరువాత రెండు చేతులతో లివర్‌ను కన్ను దగ్గర పట్టుకుని, కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపుతూ బయటికి లాగండి. రాకపోతే చీలికలో స్క్రూ డ్రైవర్ కొనను పెట్టి మెల్లగా తిప్పి చీలికను కొంచెం విప్పండి, వెంట్రుకంత తెరుచుకున్నా పట్టు వదులుతుంది. అప్పటికీ రాకపోతే హీట్ గన్‌తో లివర్ కంటిని మాత్రమే వేడి చేయండి. షాఫ్ట్ వేడెక్కే లోపే కన్ను వ్యాకోచిస్తుంది, అల్యూమినియం లివర్ అయితే అదే వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక ఈ పద్ధతి దానికి మరీ బాగా పనిచేస్తుంది. పెట్రోల్ ట్యాంకు దగ్గరే ఉంటుందని మరవకుండా మంట జోలికి వెళ్ళవద్దు, వేడి చేసే ముందు తుప్పు నూనెను తుడిచేయండి, ఆయిల్ సీల్ రబ్బరుది కనుక వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వవద్దు. ఇవేవీ ఫలించనప్పుడు రెండు కొక్కేల చిన్న పుల్లర్‌ను తగిలించి, దాని మొనను షాఫ్ట్ మధ్యలో ఆనించి మెల్లగా లాగండి.

చేయకూడనివి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంజన్ కవర్‌కు స్క్రూ డ్రైవర్‌నో గడ్డపారనో ఆనించి లివర్‌ను పెకలించవద్దు, ఆ కవర్ పలచని అల్యూమినియంతోనో మెగ్నీషియంతోనో చేసినది, తేలికగా పగులుతుంది. షాఫ్ట్ చివరను సుత్తితో లోపలికి కొట్టవద్దు, లోపల రిటర్న్ స్ప్రింగ్ తన మేకు మీద నుంచి తప్పుకోవచ్చు. కరుచుకున్న లివర్‌ను విడిపించడానికి దాన్ని పైకీ కిందికీ బలంగా తన్నడం అంతకంటే చెడ్డ పని, ఎందుకంటే ఆ బలమంతా ఇంజన్ లోపల కదలికను ఆపే చిన్న మేకు మీద పడుతుంది.

బోల్టు తల తెగిపోతే నిరాశ పడనవసరం లేదు. ఎలాగూ పారేయబోయే లివర్ కనుక దాన్నే బలి ఇవ్వవచ్చు. చీలికకు ఎదురు వైపున కంటిని షాఫ్ట్ పొడవు వెంబడి చిన్న గ్రైండర్‌తోనో రంపంతోనో కోస్తూ వెళ్ళి, షాఫ్ట్ పళ్ళకు కొద్ది దూరంలో ఆపండి. మిగిలిన పలచని పొరలో ఉలి కొనను పెట్టి తిప్పితే కన్ను రెండుగా విచ్చుకుంటుంది. గ్రైండర్ వాడితే పెట్రోల్ ట్యాంకును విప్పి దూరంగా పెట్టండి, సీల్‌నూ వైర్లనూ తడి గుడ్డతో కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

షాఫ్ట్ పళ్ళను చూడటం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఇక్కడ. లివర్ వచ్చేశాక పళ్ళ మధ్య చిక్కుకున్న తుప్పునూ పొడినీ ఇత్తడి బ్రష్‌తో తోమండి, బ్రేక్ క్లీనర్‌ను బ్రష్ మీద వేసుకుని వాడండి, షాఫ్ట్ మీద నేరుగా చిమ్మితే అది సీల్‌లోకి వెళుతుంది. తరువాత మంచి వెలుతురులో ప్రతి పంటినీ చూడండి. పళ్ళు పదునుగా, ఒకే ఎత్తులో, అంచు నుంచి మొదటి దాకా ఒకేలా ఉంటే మీరు అదృష్టవంతులు. లివర్ ఎప్పుడూ కూర్చోని, మొదట్లో ఉన్న పళ్ళ భాగం అరగకుండా ఉంటుంది కనుక మిగతా భాగాన్ని దానితో పోల్చి చూస్తే ఎంత అరిగిందో తెలుస్తుంది. కొనలు కొద్దిగా మొద్దుబారి, పళ్ళ పక్కలు మాత్రం నిలిచి ఉంటే కొత్త ఉక్కు లివర్ గట్టిగానే పట్టుకుంటుంది. ఎక్కడైనా లోహం పక్కకు ఒరిగి ముల్లులా లేచి ఉంటే మూడు పలకల ఆకురాయితో ఆ ముల్లును మాత్రమే తీయండి. పంటి పక్కలను ఆకురాయితో రుద్దడం అంటే ఉన్న పట్టును మీ చేతులతో మీరే తీసేయడం.

కొత్త లివర్‌ను బోల్టు లేకుండా షాఫ్ట్ మీదికి చేత్తో ఎక్కించి చూడండి. అది కొద్దిపాటి బిగుతుతో జారి పూర్తి లోతుకు చేరాలి. బోల్టు లేకుండానే అటూ ఇటూ కొద్దిగా ఊగితే పరవాలేదు, పళ్ళు ఒకదాని మీది నుంచి ఒకటి దాటి తిరిగిపోతే మాత్రం షాఫ్ట్ పని అయిపోయినట్టే.

అలా తేలినప్పుడు మీ ముందు ఉన్న దారులు రెండే. సరైనది ఇంజన్ కవర్ విప్పి షాఫ్ట్‌ను మార్చడం, అందుకు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉండాలి, క్లచ్ కవర్ గాస్కెట్, కొత్త ఆయిల్, షాఫ్ట్ సీల్ ముందే తెచ్చుకోవాలి. కవర్ తీసినప్పుడు రిటర్న్ స్ప్రింగ్‌నూ దాని మేకునూ కూడా చూసి, అవసరమైతే అప్పుడే మార్చేయడం తెలివైన పని. రెండోది తాత్కాలికం, పలచని ఇత్తడి రేకును పళ్ళ చుట్టూ ఒక పొర చుట్టి లివర్‌ను బిగించడం. దీనితో నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు, నిటారు కొండ దారి ఎక్కకూడదు. లివర్‌ను షాఫ్ట్‌కు వెల్డింగ్ చేయించడం కొందరు సూచిస్తారు, కానీ ఆ వేడి సీల్‌ను కాల్చేస్తుంది, ఆ తరువాత షాఫ్ట్‌ను అసలు దిశలో బయటికి తీయడానికి వెల్డింగ్‌ను కోయక తప్పదు. నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

ఆయిల్ సీల్ సంగతి

లివర్ తీసి ఉన్నప్పుడే షాఫ్ట్ మొదట్లో ఉన్న సీల్ చుట్టూ చూడండి. నూనెతో తడిసిన మట్టి పేరుకుని ఉంటే సీల్ కారుతోంది. చాలా ఇంజన్లలో దీన్ని బయటి నుంచే మార్చవచ్చు, కొన్నిటిలో ముందు చైన్ స్ప్రాకెట్ కవర్ తీయవలసి ఉంటుంది. బండిని రెండో వైపుకు వాల్చితే ఆయిల్ బయటికి రాదు. పాత సీల్‌ను కొక్కెంతో తీసేటప్పుడు షాఫ్ట్ మీద గానీ కన్నం గోడ మీద గానీ గీత పడకూడదు. కొత్త సీల్ ఎక్కించే ముందు షాఫ్ట్ పళ్ళ మీద పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, సీల్ పెదవికి గ్రీజు రాయండి, లేకపోతే ఆ పళ్ళే సీల్ పెదవిని కోసేస్తాయి. లోపలి వాషర్‌కు ఆనేదాకా కాక పాతది ఎంత లోతులో ఉందో అంతే లోతుకు, సమంగా నొక్కండి.

కొత్త లివర్‌ను కూర్చోబెట్టడం

పళ్ళ మీద యాంటీసీజ్ (లోహాలు కరుచుకుపోకుండా రాసే పేస్టు) గానీ గ్రీజు గానీ వేలితో తుడిచినంత పలచగా రాయండి, మళ్ళీ ఎప్పుడైనా విప్పవలసి వచ్చినప్పుడు ఈ పొర విలువ తెలుస్తుంది. ఇప్పుడు లివర్‌ను ఏ కోణంలో ఎక్కించాలన్నది ప్రశ్న. ఫొటోలో ఉన్న పాత స్థానం ఆరంభం మాత్రమే, పాత లివర్ వంగి ఉండి ఉంటే ఆ స్థానమే తప్పు కావచ్చు. మీరు నడిపేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని, బండి మీద కూర్చుని, పాదాన్ని ఫుట్‌రెస్ట్ మీద మామూలుగా ఉంచండి. లివర్ కొన ఫుట్‌రెస్ట్ పైభాగానికి సమంగా గానీ కొద్దిగా పైన గానీ ఉంటే చాలామందికి సరిపోతుంది. తరువాత ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి కూడా చూడండి, ఎందుకంటే డర్ట్ బైక్ నడిపే సమయంలో ఎక్కువ భాగం నిలబడే గడుస్తుంది. కొన మరీ కిందికి ఉంటే మందపాటి బూటు కొన దాని కిందికి దూరదు, రాళ్ళకూ తగులుతుంది. మరీ పైకి ఉంటే గేర్ తగ్గించడానికి పాదం మొత్తం ఎత్తవలసి వస్తుంది.

ఒక్క పంటి తేడా ఎంత మార్పు తెస్తుందో లెక్క వేసి చూడవచ్చు. షాఫ్ట్‌కు 36 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక్కో పన్ను 10 డిగ్రీలు, లివర్ పొడవు 120 మి.మీ. అయితే కొన దాదాపు 21 మి.మీ. పైకో కిందికో జరుగుతుంది. అంటే మీకు కావలసిన స్థానం రెండు పళ్ళ మధ్య పడవచ్చు, అప్పుడు కొంచెం పైకి ఉన్న స్థానాన్నే ఎంచుకుని కొన్ని రోజులు నడిపి చూడండి. లివర్‌ను వంచి ఆ మిగతా తేడాను సర్దడానికి షాఫ్ట్ మీద ఉండగా ఎప్పుడూ ప్రయత్నించవద్దు, ఉక్కు లివర్ అయినా బయటికి తీసి వైస్‌లో పట్టి వంచాలి.

లివర్ పూర్తి లోతుకు చేరాక బోల్టు కన్నంలోంచి చూస్తే షాఫ్ట్ గాడి సరిగ్గా ఎదురుగా కనబడాలి. కొత్త బోల్టు మరల మీద ఒక చుక్క థ్రెడ్ లాక్ వేసి, మొదటి కొన్ని చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో తిరగకపోతే గాడి ఎదురుగా లేదని అర్థం, స్పానర్ పెట్టి బలవంతం చేయకుండా లివర్‌ను కొద్దిగా జరపండి. ఆ తరువాత మాన్యువల్‌లో ఉన్న బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించండి, 6 మి.మీ. బోల్టుకు అది సాధారణంగా 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇది చేతికి తక్కువగా అనిపించే బిగింపు, అందుకే పొడవాటి స్పానర్ పట్టుకున్నవారు చాలాసార్లు మరలు తెంపుతారు. బిగించాక చీలికలో సందు మిగిలిందో లేదో మరోసారి చూడండి.

పరీక్షించడం

లివర్‌ను చేత్తో పూర్తిగా పైకీ, పూర్తిగా కిందికీ తీసుకెళ్ళి, ఎక్కడా ఇంజన్ కవర్‌కు గానీ ఫ్రేమ్‌కు గానీ తగలడం లేదని చూడండి. పాదం లివర్‌ను పక్కకు కూడా నెడుతుంది కనుక కవర్‌కు కనీసం 5 మి.మీ. ఎడం ఉంటే మంచిది. మడిచే కొన ఉంటే దాన్ని చివరిదాకా మడిచి వదిలితే స్ప్రింగ్‌తో తిరిగి రావాలి.

ఇంజన్ ఆపి ఉంచే, ఒక చేత్తో వెనుక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మరో చేత్తో గేర్లు ఒక్కొక్కటిగా వేయండి. చాలా డర్ట్ బైక్‌లలో న్యూట్రల్ నుంచి కిందికి నొక్కితే ఒకటో గేర్, ఆ పైన ఎత్తుతూ పోతే రెండు నుంచి పై గేర్లన్నీ వస్తాయి. చక్రం తిరగనప్పుడు లోపలి గేర్ల కొక్కేలు ఒకదానికొకటి ఎదురుపడి గేర్ పడకపోవచ్చు, అది లోపం కాదు, చక్రాన్ని కొద్దిగా తిప్పితే పడుతుంది. వేళ్ళు చైన్‌కూ స్ప్రాకెట్‌కూ దూరంగా ఉండాలి. ప్రతి గేర్ తరువాతా లివర్ మధ్యకు తిరిగి వస్తోందో లేదో గమనించండి. అన్నీ సరిగా ఉన్నాక మొదట వేసిన గీతలాంటి గీతనే కొత్త లివర్ మీదా షాఫ్ట్ మీదా పెయింట్ పెన్నుతో వేయండి.

ఖాళీ స్థలంలో నెమ్మదిగా పది నిమిషాలు నడిపి, ఇంజన్ చల్లారాక బోల్టు బిగింపును టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి. కొత్త పళ్ళు షాఫ్ట్ మీద సర్దుకునేటప్పుడు బిగింపు కొద్దిగా తగ్గడం సహజం, ఈ ఒక్కసారి సరిచేయడంతోనే మళ్ళీ వదులవడం చాలావరకు ఆగిపోతుంది. అయితే అప్పటికే గట్టిపడిన థ్రెడ్ లాక్‌ను కదిలించి విడదీసినట్టయితే బోల్టు తీసి, పాత జిగురు తుడిచి, కొత్త చుక్క వేసి బిగించాలి. ఆ తరువాత బండి కడిగిన ప్రతిసారీ పెయింట్ గీతను ఒక్క క్షణం చూడండి, అది విరగకుండా ఉన్నంతవరకు స్పానర్ తీయవలసిన పని లేదు. దూరపు దారులకు వెళ్ళేవారు ఆ బోల్టుకు సరిపోయే చిన్న స్పానర్‌ను, ఒక విడి బోల్టును పనిముట్ల సంచిలో వేసుకోవాలి. విప్పిన పాత లివర్ కేవలం వంగి, పళ్ళు బాగుంటే దాన్ని వైస్‌లో సరిచేసి అదే సంచిలో ఉంచుకోవచ్చు, పళ్ళు అరిగినదైతే మాత్రం ఇంకెవరూ పొరపాటున వాడకుండా ఇనుప సామాను వారికి ఇచ్చేయండి.